లఘుచిత్రమున ప్రేక్షకాకాంక్ష: నల్లగొండ, పాలమూరు సీమల దృష్టి

వాక్యమున ఒక పదము మరియొక పదమును కోరుటను శాస్త్రకారులు ఆకాంక్ష యనిరి. రూపకమునకును చలనచిత్రమునకును ఇట్టి ఆకాంక్షయే ప్రాణము. నిడివి తగ్గినకొలది దాని బలము హెచ్చును. అమెరికా చలనచిత్ర అకాడమీ నిబంధనము ననుసరించి లఘుచిత్రము 40 నిమిషములకు మించరాదు. అంత స్వల్పకాలమున పాత్రల పుట్టుపూర్వోత్తరములు వివరింప వీలుండదు. ప్రేక్షకుడు ముందే యెరిగిన సంప్రదాయమే ఆ పని నిర్వహింపవలెను. మన లాక్షణికులు భాణ, వ్యాయోగ, వీథులను ఏకాంకములుగా విధించి, వాని లక్షణములను ముందుగనే నిర్ణయించుటలోని ఔచిత్య మిదియే.

సంప్రదాయము కళకు సంకెల యని కొందరి మతము. మేము దీని నంగీకరింపజాలము. నల్లగొండ సీమయే ఇందుకు సమాధానము చెప్పుచున్నది. భుజమున గొంగడి, చేత కర్ర, ప్రక్కల వంతలు కనబడగనే గొల్లసుద్దులని పల్లెజనము గుర్తించి హాస్యమునకు సిద్ధపడును. 1946-51 నాటి తెలంగాణ రైతాంగ పోరాటకాలమున సుద్దాల హనుమంతు ఈ రూపమును గ్రహించి, వెట్టిచాకిరిని, దొరల దౌర్జన్యమును అందు చొప్పించెను. నవ్వుటకు వచ్చినవాడు నవ్వుచునే తన బ్రతుకును గుర్తుపట్టెను. ఆకాంక్ష తీరినది, తీరినచోటనే క్రొత్త అర్థము మొలచినది.

చలనచిత్రమునందును ఇదియే న్యాయము. చినిగిన ఖాకీ దుస్తులు, కొయ్య తుపాకి చూడగనే పిట్టలదొర కోతలు కోయునని మన పల్లెప్రజ లెరుగుదురు. బిగుతు కోటు, వదులు లాగు, చేతికర్ర చూడగనే చాప్లిన్ పాత్ర స్వభావమును లోకము గ్రహించును. ఆయన 1917లో తీసిన ‘ది ఇమ్మిగ్రెంట్’ అను రెండు రీళ్ల హాస్యచిత్రమున, వలసవచ్చినవారి ఓడ స్వాతంత్ర్యదేవతా విగ్రహమును సమీపింపగనే అధికారులు వారిని త్రాటితో వెనుకకు నెట్టుదురు. హాస్యమర్యాద చెడలేదు, కాని ఆ త్రాడు మనస్సున నిలిచిపోవును.

ఇక సెల్‌ఫోనుతోనే చిత్రము తీయగల ఈ కాలమున, ఈ సీమలను గూర్చిన లఘుచిత్రములలో తరచుగా కనబడు మర్యాద యెట్టిది? బీటలువారిన నేల, వంకరబోయిన కాళ్లు, తాళము వేసిన ఇల్లు, విషాదమైన వేణునాదము, తుదకు తెరపై నొక విజ్ఞప్తి. ఫ్లోరైడు బాధయు, పాలమూరు కూలీల వలసయు సత్యములే. వానిని చూపుట దోషము కాదు. దోష మేమనగా, మొదటి దృశ్యమున పుట్టిన జాలి చివరి దృశ్యమున జాలిగనే మిగులుట. ఆకాంక్ష తీరినది గాని యేదియు మొలవలేదు.

ఇందులకు కారణము ఆకాంక్ష ఎవరిది యను ప్రశ్నలో నున్నదని మా అభిప్రాయము. హనుమంతు ఎదుట కూర్చున్నవారు వెట్టి చేసినవారే. నేటి ఈ చిత్రములు పెక్కు పట్టణ ప్రేక్షకుని, బహుమతి నిర్ణేతను ఉద్దేశించినవి. అతని కూహలో నల్లగొండ యనిన రోగము, పాలమూరనిన మూటాముల్లె. కాని 1970-80 దశకమున నాగపురములోని నీరి సంస్థ రూపొందించిన, పటికతోను సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానము ‘నల్లగొండ పద్ధతి’ యను పేర విదేశములందును వాడుకకు వచ్చినది. పాలమూరు కూలి దూరదేశపు ఆనకట్టల మట్టిపనిలో ఆరితేరిన పనివాడు. ఈ నేర్పు తెరపై కానరాకున్న, చిత్రమునందలి మనుష్యుడు పాత్ర కాక గురుతు మాత్రమే యగును.

కావున లఘుచిత్రమును విమర్శించునపుడు సంప్రదాయమును పాటించెనా, మీరెనా యని మాత్రమే అడుగుట చాలదు. ఎవరి ఆకాంక్షను మేల్కొల్పెను, దానిని తీర్చుచు ఏమి చేర్చెను అని యడుగవలెను. చిత్రములోని కూలియే దానిని తన ఊరిలో కూర్చుండి చూచినచో తన్ను తాను గుర్తుపట్టునా? ఈ పరీక్షకు నిలిచిన చిత్రము ఐదు నిమిషములదైనను సంపూర్ణమే. గొల్లసుద్దులు, పిట్టలదొర మున్నగు రూపముల నిర్మాణమును లఘుచిత్ర నిర్మాణముతో పోల్చి చూచు పని పరిశోధక విద్యార్థులు చేపట్టదగినది.