నీటితో చల్లబడే కంప్యూటరు: రేడియేటరు, ఫ్యాను, పంపుల ఎంపిక

ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది కాబట్టి, ఆ వేడిని చిప్పుల నుండి తీసి గది గాలిలో కలపడమే శీతలీకరణ విద్యకు మూలం. నీటి పద్ధతిలో చిప్పుపై బిగించిన వాటర్ బ్లాక్ అనే రాగి దిమ్మె ఆ వేడిని తనలో పారే నీటికి అందిస్తే, పంపు ఆ నీటిని గొట్టాల గుండా రేడియేటరుకు చేర్చగా, అక్కడి పలుచని లోహపు రెక్కల సందుల్లోంచి ఫ్యాన్లు నెట్టే గాలి ఆ వేడిని మోసుకుపోతుంది. ఐబీఎం 1980లో ప్రకటించిన 3081 వంటి పెద్ద యంత్రాలకు అలవాటైన ఈ ఏర్పాటును, ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఔత్సాహికులు కార్ల హీటరు రేడియేటర్లతోనూ అక్వేరియం పంపులతోనూ ఇళ్లలో సాధించి, ఒక చేతిపనిగా నిలబెట్టారు.

ఇందులో ఫలితాన్ని శాసించేది రేడియేటరు వైశాల్యం. రేడియేటర్లను వాటిపై పట్టే ఫ్యాన్ల కొలతతో పిలుస్తారు; 120 మి.మీ. ఫ్యాన్లు మూడు పట్టేది 360, 140 మి.మీ.వి మూడు పట్టేది 420. ఒక్కో 120 మి.మీ. ఫ్యానుకు 100 వాట్ల వేడి అన్నది అనుభవజ్ఞుల ఉజ్జాయింపు లెక్క గనుక, 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డునూ 250 వాట్లు తాకే ప్రాసెసరునూ ఒకే నీటితో నిశ్శబ్దంగా చల్లబరచాలంటే రెండు 420లు కావాలి. స్థలం చాలక మందమైన రేడియేటరును ఆశ్రయించేవారున్నారు గాని, ముందు భాగంలోనే వేడెక్కిన గాలి వెనుక భాగం నుండి అంతగా వేడిని గ్రహించలేదు కాబట్టి, మందం రెట్టింపైతే సామర్థ్యం రెట్టింపు కాదు. రాగి బ్లాకులున్న చోట అల్యూమినియం రేడియేటరును ఎన్నడూ కలపరాదు. ఒకే నీటిలో ఉన్న రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియం తినివేయబడుతుంది.

రెక్కలు దట్టమైన కొద్దీ గాలికి అడ్డు పెరుగుతుంది కాబట్టి, ఆ అడ్డును ఎదిరించి గాలిని నెట్టే శక్తి, అంటే స్థిర పీడనం, ఎక్కువగా ఉన్న ఫ్యాన్లనే ఎంచుకోవాలి. ఫ్యాను వేగం సగమైతే గాలి సగానికి, పీడనం నాలుగో వంతుకు తగ్గగా, శబ్దం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది. అందుకే పలుచగా రెక్కలున్న విశాలమైన రేడియేటరుపై నిమిషానికి 800 నుండి 1,000 చుట్లు తిరిగే ఫ్యాన్లను పరచడం ఉత్తమం. ఆ నిశ్శబ్దమే ఇంత శ్రమకు అసలు ప్రతిఫలం.

పంపు విషయంలో ఆశ అనవసరం. నీటి విశిష్టోష్ణం, అంటే ఉష్ణోగ్రత పెరగడానికి అది తీసుకునే వేడి, చాలా ఎక్కువ కావడం వల్ల, నిమిషానికి 4 లీటర్లు పారే నీటికి 400 వాట్ల వేడి తగిలినా ఉష్ణోగ్రత సుమారు 1.5 డిగ్రీలే పెరుగుతుంది. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే మిగిలేది డిగ్రీలో కొంత భాగమే. లైంగ్ సంస్థ రూపొందించిన డి5, డిడిసి పంపులలో మొదటిది నెమ్మదిగా తిప్పినప్పుడు దాదాపు వినిపించదు, రెండవది ఇరుకు చోట ఇముడుతుంది. ఏ పంపునైనా నీరు లేకుండా తిప్పితే, నీరే కందెనగా ఉన్న దాని బేరింగు చెడిపోతుంది.

రేడియేటరు నీటిని గది ఉష్ణోగ్రత కన్నా చల్లగా చేయలేదన్నది తెలుగు నేలపై మరవకూడని విషయం. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే, అంతకు 10 డిగ్రీలు పైనుండే నీరు 48కి చేరి, పంపులకూ ప్లాస్టిక్ గొట్టాలకూ సాధారణంగా పరిమితిగా చెప్పే 60 డిగ్రీలకు దగ్గరవుతుంది. కనుక ఇక్కడివారు కేబినెట్ కొనేముందే అందులో ఎంత పెద్ద రేడియేటరు పడుతుందో కొలుచుకుని, డబ్బును ముందు దానికి, తరువాత ఫ్యాన్లకు, చివరిగా పంపుకు కేటాయించుకోవాలి.