చికిత్స, ప్రదర్శన, మౌనం: ‘బ్లాక్ ఎల్క్ స్పీక్స్’ కథన స్వరూపం

మౌఖికంగా చెప్పిన జీవితకథ గ్రంథరూపం పొందేటప్పుడు సేకర్త ఏం రాశాడన్నది ఎంత ముఖ్యమో, కథను ఎక్కడ ఆపాడన్నదీ అంతే ముఖ్యం. 1932లో వెలువడిన ‘బ్లాక్ ఎల్క్ స్పీక్స్’ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అమెరికాలో సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో నివసించిన ఓగ్లాలా లకోటా వైద్యుడు, దార్శనికుడు బ్లాక్ ఎల్క్ తన జీవితాన్ని చెప్పగా, కవి జాన్ జి. నైహార్ట్ దాన్ని ఆంగ్లంలో గ్రంథంగా మలిచాడు. 1863లో జననంతో మొదలయ్యే ఈ కథ, 1890 డిసెంబరు 29న వూండెడ్ నీలో అమెరికా సైన్యం జరిపిన మారణకాండతో ముగుస్తుంది. కథకుడు మాత్రం 1950 వరకు జీవించాడు. 1904లో బాప్తిస్మం పొంది, ఆ తరువాత చాలాకాలం కాథలిక్ ఉపదేశిగా పనిచేశాడు. ఈ సుదీర్ఘ క్రైస్తవ జీవితం గురించి గ్రంథం దాదాపు మౌనంగా ఉంది.

ఈ మౌనం చుట్టూ జరిగిన చర్చ ఎక్కువగా ఒకే ప్రశ్న దగ్గర తిరిగింది. బ్లాక్ ఎల్క్ హృదయంలో నిలిచినది లకోటా ధర్మమా, క్రైస్తవ విశ్వాసమా? ఒక పక్షం ఆయన క్రైస్తవాన్ని పైపూతగా భావించింది. మరొక పక్షం నైహార్ట్‌కు చెప్పిన కథను గతస్మృతిగా మాత్రమే చూసింది. ఒక మనిషి అంతరంగాన్ని తీర్పు చెప్పడం సాహిత్య విమర్శ పని కాదు. గ్రంథం ‘చికిత్స’ అనే భావనను ఎలా నిర్మించింది, కథను 1890 దగ్గర ఆపడం వల్ల ఆ భావన ఏమైంది అన్నవి విమర్శ సమాధానం చెప్పగల ప్రశ్నలు.

గ్రంథంలో చికిత్సకు మూలం తొమ్మిదేళ్ళ వయసులో కలిగిన మహాదర్శనం. ఆరుగురు పితామహులు ఆ బాలుడికి జాతిని బ్రతికించే శక్తిని ఇస్తారు. అయితే ఆ శక్తి వెంటనే పనిచేయదు. దర్శనాన్ని దాచుకున్న యువకుడిని పదహారేళ్ళ ప్రాయంలో ఉరుములు వినిపించినప్పుడల్లా భయం పీడిస్తుంది. బ్లాక్ రోడ్ అనే వృద్ధ వైద్యుడు సంగతి విని, దర్శనాన్ని ప్రజల ఎదుట ప్రదర్శించాలని చెబుతాడు. 1881లో జరిగిన అశ్వనృత్యం అలా వచ్చింది. గుర్రాల రంగులు, దిక్కులు, పాటలు, గుడారంపై చిత్రాలు అన్నీ దర్శనానికి దృశ్యానువాదాలు. నృత్యం ముగిశాక కథకుడి భయం తొలగిపోతుంది. చూసినవారు తమ ఇంటి రోగులకు నెమ్మదించిందని చెబుతారు. దర్శనం కలిగినవాడు దాన్ని భూమి మీద జనం చూసేలా ఆడి చూపితే తప్ప ఆ శక్తి అతనికి వశం కాదని కథకుడు స్పష్టంగా చెబుతాడు. కాబట్టి ఈ గ్రంథంలో కళ చికిత్సకు అలంకారం కాదు. కళే చికిత్స జరిగే విధానం.

ఈ సూత్రం తొలి వైద్య ఘట్టంలో మరింత స్పష్టమవుతుంది. జబ్బుపడిన ఒక చిన్న పిల్లవాడి దగ్గర బ్లాక్ ఎల్క్ డప్పు మోగించి, పాట పాడి, దర్శనంలో కనిపించిన మూలికను వాడతాడు. స్వస్థత తన వల్ల కలగలేదని, తన గుండా ప్రవహించిన శక్తి వల్ల కలిగిందని అంటాడు. ఇక్కడ వైద్యుడు ఒక మార్గం మాత్రమే. ఈ భావన ఆయన తరువాతి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడుతుంది.

1904 నాటి మతాంతరీకరణ ఘట్టం ఆయన కుమార్తె జ్ఞాపకంగా మైకేల్ స్టెల్టెన్‌కాంప్ 1993లో ప్రచురించిన గ్రంథంలో ఉంది. జబ్బుపడిన బిడ్డకు బ్లాక్ ఎల్క్ వైద్యం చేస్తుండగా ఒక జెసూట్ గురువు వచ్చి, డప్పును, గిలకను బయట పారవేసి, ఆయనను గుడారం నుంచి గెంటివేశాడు. తరువాత ఆయనను మిషన్‌కు తీసుకువెళ్ళాడు. కొద్ది రోజులకు, డిసెంబరు 6న, పునీత నికోలస్ పండుగనాడు, బ్లాక్ ఎల్క్ ఆ పునీతుని పేరుతోనే బాప్తిస్మం పొందాడు. ఇది కుటుంబంలో చెప్పుకున్న కథ. అందులో మతాంతరీకరణ కథలకు సహజమైన శక్తుల పోటీ అనే చట్రం ఉంది. దాన్ని చరిత్రగా ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో, కథగా అంత శ్రద్ధతో చదవాలి. నైహార్ట్ గ్రంథంలో వైద్యవృత్తి ఒక పిల్లవాడి పడక దగ్గర డప్పుతో మొదలవుతుంది. కుటుంబ కథలో అది మరొక బిడ్డ పడక దగ్గర డప్పును విసిరివేయడంతో ముగుస్తుంది. రెండు కథలనూ కలిపి చదివినప్పుడే ఈ నిర్మాణం కనిపిస్తుంది.

ఆ విసిరివేత వెనుక రాజ్యాధికారం కూడా ఉంది. 1883 నుంచి అమలైన ప్రభుత్వ నిబంధనలు సూర్యనృత్యాన్ని, సంప్రదాయ వైద్యుల ఆచరణలను నేరాలుగా పరిగణించాయి. కాబట్టి బ్లాక్ ఎల్క్ ఎంపికను పూర్తిగా స్వేచ్ఛగా చేసినదనడం సాధ్యం కాదు. అలాగని దాన్ని కేవలం లొంగుబాటు అనడమూ సాధ్యం కాదు. లకోటా భాషలో వెలువడిన కాథలిక్ పత్రికకు ఆయన రాసిన లేఖలు, ఇతర రిజర్వేషన్లకు చేసిన ప్రయాణాలు చురుకైన విశ్వాసానికి సాక్ష్యాలు.

ఉపదేశిగా ఆయన వాడిన ప్రధాన సాధనం ‘రెండు దారుల పటం’. సృష్టి నుంచి తుదితీర్పు వరకు పవిత్ర చరిత్రను నిలువుగా చూపే ఈ చిత్రపటాన్ని మిషనరీలు బోధనకు వాడేవారు. మహాదర్శనంలోనూ రెండు దారులున్నాయి. ఎర్రదారి మేలుకు, నల్లదారి కష్టానికి, యుద్ధానికి సంకేతాలు. ఈ పోలికను స్టెల్టెన్‌కాంప్ గుర్తించాడు. అయితే తేడా కూడా పోలిక అంత ముఖ్యమైనది. పటంలో దారులు వేర్వేరు గమ్యాలకు, మోక్షానికో నరకానికో తీసుకువెళతాయి. దర్శనంలో ఆ రెండూ ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఆ కూడలే పవిత్ర స్థలం, జాతివృక్షం నాటే చోటు. కనుక రెండు ప్రతీకలు ఒకటేనని తేల్చడం తొందరపాటు. మారనిది బోధనా పద్ధతి. చిత్రాన్ని ప్రజల ఎదుట పరచి, దాని గుండా వారిని నడిపించి, బాగుచేయాలనుకోవడం 1881లోనూ ఉంది, 1904 తరువాతా ఉంది.

ఈ దృష్టితో చూస్తే నైహార్ట్ చేసిన ముగింపు ప్రభావం తెలుస్తుంది. వూండెడ్ నీ దగ్గర కథ ఆగడంతో మహాదర్శనం విఫలమైనట్టు, వైద్యుడు తన జాతిని బాగుచేయలేక ఓడిపోయినట్టు పాఠకుడికి అనిపిస్తుంది. రేమండ్ డిమాలీ 1984లో ప్రచురించిన ‘ది సిక్స్త్ గ్రాండ్‌ఫాదర్’ 1931 నాటి సంభాషణల మూలప్రతులను వెలుగులోకి తెచ్చింది. బ్లాక్ ఎల్క్ లకోటాలో చెప్పినదాన్ని కుమారుడు బెన్ ఆంగ్లంలో అనువదించగా, నైహార్ట్ కుమార్తె ఈనిడ్ సంక్షిప్తలిపిలో రాసుకుంది. గ్రంథం ఆరంభంలోనూ ముగింపులోనూ ఉన్న ప్రసిద్ధ విషాద వాక్యాలు ఆ ప్రతుల్లో లేవు. అవి తన రచనేనని నైహార్టే అంగీకరించాడు. అంటే ఆ ఓటమి స్వరంలో కవి కల్పనకు పెద్ద పాత్ర ఉంది. అంతరించిపోతున్న జాతి అనే అప్పటి సాహిత్య ఊహకు సజీవుడైన ఉపదేశి ఇమడడు. 1934లో బ్లాక్ ఎల్క్ పేరున వచ్చిన ప్రకటన గ్రంథంలో తన క్రైస్తవ జీవితం లేదని ఆక్షేపించింది. ఆ ప్రకటన మిషన్ వాతావరణంలో వచ్చింది కనుక దానికీ ఒక మధ్యవర్తిత్వం ఉంది.

ఆ తరువాత దశలు ఏ సులభ నిర్ణయాన్నీ అనుమతించవు. 1930ల ద్వితీయార్ధంలో బ్లాక్ ఎల్క్ బ్లాక్ హిల్స్ ప్రాంతంలో పర్యాటకుల ముందు సంప్రదాయ క్రతువులను ప్రదర్శించాడు. జోసెఫ్ ఎపెస్ బ్రౌన్ 1953లో ప్రచురించిన ‘ది సేక్రెడ్ పైప్’లో లకోటా క్రతువులను ఏడుగా వివరించాడు. కాథలిక్ సంస్కారాల సంఖ్య కూడా ఏడే కావడాన్ని పరిశోధకులు గుర్తించారు. 2017లో కాథలిక్ సంఘం ఆయన పునీత పట్టా ప్రక్రియను ప్రారంభించింది. లకోటా యువతరానికి మాత్రం ‘బ్లాక్ ఎల్క్ స్పీక్స్’ సంప్రదాయ పునరుజ్జీవన గ్రంథం. రెండు సమాజాలు ఒకే మనిషిని తమవాడంటున్నాయి. గ్రంథం దాచిన సగం జీవితమే ఈ వివాదానికి తావిచ్చింది.

తెలుగు మౌఖిక సాహిత్య పరిశోధనకు దీని నుంచి ఒక మెలకువ లభిస్తుంది. బుర్రకథ రూపంలో బైబిలు కథలు చెప్పే కళాకారులు తెలుగు నేలలోనూ ఉన్నారు. కళారూపం ఒక విశ్వాసం నుంచి మరొక విశ్వాసంలోకి నడిచినప్పుడు, పరిశోధకుడు ‘అసలైన’ దశను ఒకదాన్ని ఎంచి మిగిలినదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. ఆ ఎంపిక కథకుడి జీవితాన్ని విషాదంగానో విజయంగానో మార్చేస్తుంది. కథకుడు, అనువాదకుడు, లేఖకుడు, సంపాదకుడు ఎవరెవరు ఏ మాటకు బాధ్యులో విడదీసి నమోదు చేయడం, కథ ఎక్కడ ఆగిందో ఎవరు నిర్ణయించారో అడగడం పరిశోధకుడి కర్తవ్యం. బ్లాక్ ఎల్క్ కథలో చికిత్స 1890లో ఆగలేదు. ఆగినది గ్రంథం.