పిల్లల పేర్లు పట్టిచ్చిన ఊరు

1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరినవాళ్లలో స్టీఫెన్ హాప్కిన్స్ ఒకడు. అతను ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌వాడనీ, మొదటి భార్య పేరు కాన్‌స్టెన్స్ డడ్లీ అనీ వంశవృక్షాల్లో చాలాకాలం రాసుకున్నారు. 1998లో ‘ది అమెరికన్ జీనియాలజిస్ట్’ పత్రికలో కేలబ్ జాన్సన్ రాసిన వ్యాసం ఆ రెంటినీ కొట్టిపారేసింది. వంశచరిత్ర పనితనం చూడాలంటే ముందు ఈ వ్యాసమే చూడాలంటాను.

తండ్రి పేరొక్కటే పట్టుకుని వెతికితే పప్పులో కాలేసినట్టే. ఆ పేరు ఇంకొకడికీ ఉండొచ్చు. ఇక్కడ గుట్టు విప్పింది పిల్లలు. గైల్స్, కాన్‌స్టెన్స్ ఇద్దరూ హాప్కిన్స్‌కు మొదటి భార్య బిడ్డలని ప్లిమత్ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసిపెట్టాడు. అంతగా వినిపించని ఆ రెండు పేర్లూ ఒకే స్టీఫెన్ ఇంట్లో ఉన్న ఊరు కావాలి. హాంప్‌షైర్‌లోని హర్స్లీ చర్చి రిజిస్టరులో అది దొరికింది. 1606 మే 11న కాన్‌స్టెన్స్‌కూ, 1608 జనవరి 30న గైల్స్‌కూ బాప్తిస్మం. (అప్పట్లో అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి పాత లెక్కలో ఆ జనవరి 1607 కిందికే వస్తుంది. ఇది మరిచిపోతే పిల్లల వయసులు తప్పుతాయి.) వాళ్ల తల్లి డడ్లీల అమ్మాయి కాదు, మేరీ.

అన్నిటికంటే నాకు నచ్చింది, రిజిస్టరులోని ఖాళీ కూడా సాక్ష్యం చెప్పడం. గైల్స్ తర్వాత ఆ ఇంట మరో బాప్తిస్మం కనిపించదు. 1609లో వర్జీనియాకు బయల్దేరి బెర్ముడా దగ్గర పగిలిపోయిన సీ వెంచర్ ఓడలో ఒక స్టీఫెన్ హాప్కిన్స్ ఉన్నాడు. గవర్నరును ధిక్కరించి, మరణశిక్ష పడి, బతిమాలుకుని ప్రాణం దక్కించుకున్నాడు. ఆ హాప్కిన్సే మేఫ్లవర్ ఎక్కాడన్న పాత ఊహకు ఈ ఖాళీ బలమిచ్చింది. 1613 మే నెలలో మేరీ పోయాక రాసిన సామాన్ల జాబితాలో ఆమెను వితంతువన్నారు. భర్త బతికే ఉన్నాడు! సముద్రం దాటినవాడి మీద ఊరు ఆశ వదులుకుందేమో. కబురందక ఆమె కూడా అలాగే అనుకుని కన్నుమూసిందేమోనంటే మనసు కలుక్కుమంటుంది.

జిల్లా తేలాక వెతుకులాట అక్కడే సాగింది. అప్పర్ క్లాట్‌ఫర్డ్ చర్చిలో 1581 ఏప్రిల్ 30న, జాన్ హాప్కిన్స్ కొడుకుగా, స్టీఫెన్ బాప్తిస్మమూ బయటపడింది.