బ్యాటరీ కొలదీ కంప్యూటర్

వర్షాకాలం గాలులు ఊపందుకునే జులైలో సికింద్రాబాద్ వైపు నుంచి చూస్తే హుస్సేన్‌సాగర్ నిండా తెరచాపలే. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వారు, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వారు తయారుచేసిన కుర్రవాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చిన వారితో ఇక్కడ పోటీపడతారు. ఈ చిన్న పడవల్లో కంప్యూటర్‌తో పని లేదు. ఎటు చూసినా గట్టు కనిపిస్తుంది, గాలి ఎటు తిరిగిందో చెంపకు తెలుస్తుంది. గట్టు కనుమరుగయ్యాకే దారి చూపే యంత్రం అవసరమవుతుంది. ఆ యంత్రాన్ని ఎంచుకోవడంలో, దానికి కరెంటు అందించడంలో ఎంత పనితనం ఉందో మనవాళ్లకు పరిచయం చేయాలని చాలాకాలంగా నా కోరిక.

నడిసముద్రానికి మన ఊరు దూరమేమీ కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన ఐఎన్‌ఎస్‌వీ తారిణిలోని ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్, పి. స్వాతిది విశాఖపట్నం. దాదాపు 17 మీటర్ల ఆ తెరచాప పడవ 254 రోజుల్లో సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 2018 మే 21న గోవా చేరింది. దారిలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌నూ దాటింది. రేమెరైన్ నావిగేషన్ పరికరాలు, ఉపగ్రహ సమాచార వ్యవస్థ అందులో ఉన్నాయి. ఇలాంటి పడవకు ఊరి కరెంటు ఉండదు. ఎండ, గాలి, ఇంజనుతో తిరిగే ఆల్టర్నేటర్ ఇచ్చిందే బ్యాటరీలో చేరుతుంది. దీపాలు, రేడియో, ఆటోపైలట్, కంప్యూటర్ అన్నీ దాన్నే పంచుకోవాలి. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్న మన పెద్దల మాట అక్కడ అక్షరాలా చెల్లుతుంది.

అందుకే తెలిసినవాళ్లు కంప్యూటర్ కొనేముందు కాగితం మీద లెక్క వేస్తారు. మామూలు ల్యాప్‌టాప్ సగటున 40 వాట్లు లాగుతుందనుకుందాం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది 3.3 ఆంపియర్లు. రాత్రింబవళ్లు నడిస్తే 80 ఆంపియర్-అవర్లు. దాన్ని ఇన్వర్టర్ మీద నడిపితే, 12 వోల్టులను 230కి పెంచి, మళ్లీ అడాప్టర్‌లో 19కి దించే తతంగంలో మరో 20 దాకా వేడిగా పోతాయి. అంటే రోజుకు 100. లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఎక్కువకాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు. కాబట్టి 200 ఆంపియర్-అవర్ల బ్యాటరీల్లో వాడుకోదగ్గదంతా ల్యాప్‌టాప్ ఒక్కటే తినేస్తుంది.

ఇప్పుడు రెండో లెక్క. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు కంప్యూటర్ 6 వాట్లతో నడుస్తుంది. రోజుకు 144 వాట్-అవర్లు, అంటే 12 ఆంపియర్-అవర్లు. 12 వాట్ల తెరను అవసరమైనప్పుడే వెలిగిస్తూ రోజుకు ఆరు గంటలు వాడితే ఇంకో 6. మొత్తం 18. నీడ పడే వేళలు పోను 100 వాట్ల సోలార్ ప్యానెల్ రోజుకు 300 వాట్-అవర్లు ఇచ్చినా 25 ఆంపియర్-అవర్లు చేరతాయి. ఒక్క ప్యానెల్ దారి చూపే పనంతా మోస్తుంది. సముద్ర పటాలను చూపే ఓపెన్‌సీపీఎన్ ఉచితంగా దొరుకుతుంది, ఇంత చిన్న కంప్యూటర్ మీదే హాయిగా నడుస్తుంది. వందను పద్దెనిమిదికి తెచ్చిన ఆ లెక్కే ఈ విద్యలో నన్ను మొదట ఆకట్టుకున్న పనితనం.

ఎంపికలో మిగతా గుణాలూ సముద్రం నిర్ణయించినవే. ఫ్యాను ఉంటే ఉప్పుగాలిని లోపలికి పీలుస్తుంది, అందుకని ఫ్యాను లేని పెట్టె. తిరిగే హార్డ్‌డిస్క్ కుదుపులకు దెబ్బతింటుంది, అందుకని ఎస్‌ఎస్‌డీ. తెర పగటి ఎండలో కనిపించాలి, రాత్రి మసక ఎరుపులోకి మారాలి. తెల్లటి వెలుగు ఒక్కసారి కళ్లలో పడితే, చీకటికి అలవాటుపడిన చూపు మళ్లీ కుదురుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఎదురుగా వచ్చే ఓడ దీపాన్ని కనిపెట్టాల్సిన కళ్లవి.

ఇక కరెంటు అందించే తీరు. ఇంజను స్టార్ట్ చేసిన క్షణంలో స్టార్టర్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ వోల్టేజి 12 నుంచి 9కి, ఒక్కోసారి ఇంకా కిందికి జారుతుంది. అదే బ్యాటరీ మీద ఉన్న కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. ఇంజను వేసేది ఎక్కువగా రేవులోకి వచ్చేటప్పుడే కదా, పటం అత్యవసరమైనదీ అప్పుడే. అందుకే ఇంజనుకు వేరే బ్యాటరీ పెడతారు. కంప్యూటర్‌కు ముందు, 9 నుంచి 36 వోల్టుల దాకా ఏది వచ్చినా నిలకడగా ఒకే వోల్టేజి ఇచ్చే కన్వర్టర్ బిగిస్తారు.

నేను ఎక్కువసేపు ఆగి చూసేది మాత్రం కంప్యూటర్ పెట్టే నావిగేషన్ బల్ల వెనక ఉన్న వైర్లను. మంచి పనివాడు కళాయి పూసిన రాగి తీగలనే వాడతాడు. ఉత్త రాగి ఉప్పుగాలికి నల్లబడి, కరెంటును అడ్డుకుంటుంది. కొసలకు లగ్గులను సరైన పనిముట్టుతో నొక్కి బిగించి క్రింప్ చేస్తాడు. టంకం మీదే ఆధారపడితే, కుదుపులకు ఆ టంకం ఆగిన చోటే తీగ విరుగుతుంది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు పెడతాడు. పరికరంలోకి వెళ్లేముందు వైరును కిందికి ఒక వంపు తిప్పుతాడు. పైనుంచి జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

వైరు మందానికీ లెక్క ఉంది. బ్యాటరీకీ బల్లకూ అయిదు మీటర్ల దూరం ఉంటే, రానూపోనూ పది మీటర్లు. 1 స్క్వేర్ ఎంఎం వైరులో 5 ఆంపియర్లు పారితే 0.86 వోల్టు దారిలోనే పోతుంది, అంటే 7 శాతం. అదే 2.5 స్క్వేర్ ఎంఎం అయితే 0.34 వోల్టు. నావిగేషన్ పరికరాలకు 3 శాతం దాటకూడదన్నది పడవలవాళ్ల నియమం, ఇది దాని లోపలే ఉంటుంది. దిక్సూచికి దగ్గరగా వెళ్లేచోట ప్లస్, మైనస్ వైర్లు రెండింటినీ జడలా పెనవేస్తారు. కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పక్కపక్కనే ఎదురెదురుగా పారే కరెంటుల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, సూది కదలదు. స్విచ్ వేసినా తీసినా దిక్సూచి ఒకే దిక్కు చూపాలని ఎవరో ఓపికగా చేసిన మెలిక అది. పైపలక విప్పితే తప్ప కంటపడదు.

ఆ వైర్ల వెంట పారే మాటలూ అంతే పొందికైనవి. జీపీఎస్, లోతు కొలిచే పరికరం, గాలిమాపకం కంప్యూటర్‌తో ఎన్ఎంఈఏ 0183 పద్ధతిలో మాట్లాడతాయి. వేగం సెకనుకు 4,800 బిట్లు. ఒక్కో వాక్యం 82 అక్షరాలు మించదు. చివర నక్షత్రం గుర్తు తరవాత రెండు అక్షరాల సరిచూపు సంఖ్య ఉంటుంది. దారిలో ఒక అక్షరం చెడితే ఆ సంఖ్య సరిపోదు, కంప్యూటర్ ఆ వాక్యాన్ని పక్కన పెట్టేస్తుంది. తప్పు స్థానం చూపడం కన్నా ఒక సెకను ఊరుకోవడం మేలన్న వివేకం ఆ రెండు అక్షరాల్లో ఉంది.

ఇంత జాగ్రత్తగా కూర్చినా ఆ యంత్రం ఆగిపోయే రోజును కూడా ఊహించుకోవాలి. గోల్డెన్ గ్లోబ్ రేసు నియమాల ప్రకారం భారత నావికుడు అభిలాష్ టామీ జీపీఎస్ లేకుండా, సెక్స్‌టెంట్‌తో, కాగితం పటాలతో ఒంటరిగా భూగోళం చుట్టి 2023లో రెండో స్థానంలో నిలిచాడు. ఆ విద్య తెలిసినవాడి చేతిలోనే కంప్యూటర్ అసలైన తోడవుతుంది. అందుకే మంచి బల్ల సొరుగులో కాగితం పటం, పెన్సిలు, డివైడర్లు ఎప్పుడూ ఉంటాయి. గంటకోసారి స్థానాన్ని లాగ్‌బుక్కులో చేత్తో రాసుకుంటారు.

ఈ విద్యకు కావలసిన సరుకు చాలావరకు మన సికింద్రాబాద్‌లోనే ఉంది. కంప్యూటర్ విడిభాగాలకు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, పనిముట్లకూ హార్డ్‌వేర్‌కూ రాణీగంజ్. సముద్రంలో అలల ఎత్తు ఎంతో ముందే చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ కూడా నగరం అంచున ప్రగతినగర్‌లోనే ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇలాంటి బల్ల ఒకటి కూర్చి చూస్తే చాలు, ఓమ్ సూత్రం, అయస్కాంతత్వం, కోడింగ్ ఒకేచోట చేతికి అందుతాయి. అయితే కొట్టులో అడుగుపెట్టగానే ప్రాసెసర్ వేగం అడగకండి. ఎన్ని వాట్లు లాగుతుందో అడగండి, ఎంత తక్కువ వోల్టేజిని తట్టుకుంటుందో అడగండి. ఆ రెండు జవాబులూ దొరికాకే మిగతా బేరం.