ఖాళీ గడుల లెక్క

“మేడమ్, బంగాళాఖాతం ఉష్ణోగ్రతలు కావాలి. మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఇవ్వండి. ఖాళీలు వద్దు, తీసేయండి.”

సముద్ర డేటాతో పనిచేసేవాళ్లకి ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. అడిగేది ఎక్కువగా పరిశోధక విద్యార్థులు. అడగడంలో తప్పేమీ లేదు. ఈ డేటా ఉండే నెట్‌సీడీఎఫ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. టెక్స్ట్ అయితే ఎక్కడైనా తెరుచుకుంటుంది, అంకెలు కంటికి ఆనతాయి. ఆ ‘తీసేయండి’ దగ్గరే నాకు పేచీ.

అమెరికా సంస్థ నోవా ఇచ్చే ఓఐఎస్‌ఎస్‌టీ అనే డేటానే తీసుకోండి. 1981 సెప్టెంబరు నుంచి రోజుకో పటం, సముద్రం పైపొర ఎంత వెచ్చగా ఉందో చెబుతుంది. భూగోళాన్ని పావు డిగ్రీ గడులుగా కోస్తే అడ్డంగా 1,440, నిలువుగా 720, మొత్తం 10,36,800 గడులు. వీటిలో హైదరాబాదూ ఉంది, సహారా ఎడారీ ఉంది. అక్కడ సముద్రం లేదు కనక విలువా లేదు. అలాగని ఫైల్లో ఆ గడిని ఉత్తగా వదిలేయడం కుదరదు, ఏదో ఒక అంకె పెట్టాలి. ఓఐఎస్‌ఎస్‌టీలో అది -999. ఫెర్రెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకటి పక్కన 34 సున్నాలు, ముందు మైనస్. సముద్రంలో తేలుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్ల ఫైళ్లలో 99999. నాసా ఉపగ్రహ పరికరం మోడిస్ ఇచ్చే క్లోరోఫిల్ ఫైళ్లలో -32767. ఎవరి అలవాటు వాళ్లది. ఏ అంకె వాడారో ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది, చదివే ఓపిక ఉంటే.

ఓఐఎస్‌ఎస్‌టీలో ఇంకో తిరకాసు ఉంది. చోటు కలిసొస్తుందని ఉష్ణోగ్రతను నూరుతో హెచ్చవేసి పూర్ణాంకంగా దాచారు. 29 డిగ్రీలు ఫైల్లో 2900గా ఉంటుంది, వాడుకునేటప్పుడు 0.01తో గుణించుకోవాలి. ముందు -999లను పక్కకు తీసి తర్వాత గుణిస్తే గొడవ లేదు. వరస తిరగబడిందా, -999 కాస్తా -9.99 అయి కూర్చుంటుంది. ఇక “-999 ఉన్న వరసలు తీసెయ్” అని ప్రోగ్రాముకి ఎన్నిసార్లు చెప్పినా దానికి ఒక్కటీ దొరకదు. నూరు గడుల్లో 99 చోట్ల 29 డిగ్రీలు, ఒడ్డున ఉన్న ఒక్క గడిలో ఈ -9.99 అనుకోండి. సగటు 28.61. ఎంత బుద్ధిమంతుడిలా ఉందో చూడండి! -999 అలాగే మిగిలి ఉంటే సగటు 18.72కి పడిపోయేది, బంగాళాఖాతం అంత చల్లగా ఎందుకుంటుందని ఎవరో ఒకరు అడిగేవారు. 0.39 డిగ్రీల తేడాని ఎవరూ అడగరు. పసిఫిక్‌లో ఎల్‌నినో ఉందో లేదో తేల్చడానికి నోవా పెట్టుకున్న హద్దే అర డిగ్రీ!

ఫెర్రెట్ అంకెతో ఇంకో రకం చిక్కు. సింగిల్ ప్రెసిషన్‌లో, అంటే తక్కువ చోటులో, దాచిన ఆ 34 సున్నాల సంఖ్య, డబుల్ ప్రెసిషన్‌లో రాసిన అదే సంఖ్యకి చివరి అంకెల దాకా సరిపోదు. సమానమా అని అడిగితే కాదంటుంది. అందుకే సమానత్వం జోలికి పోకుండా, ‘మైనస్ ఒకటి పక్కన 30 సున్నాలు కన్నా తక్కువైతే వదిలెయ్’ అంటాను. జీఎంటీ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు, అక్కడ ఖాళీ అంటే ‘నాన్’ (అంకె కాదు అని అర్థం), గ్రిడ్‌ను టెక్స్ట్‌గా మార్చే కమాండుకి మైనస్ ఎస్ తగిలిస్తే ఆ వరసలు రావు. కాకపోతే నాన్‌ను చేత్తో ఏరబోతే అది తనకు తానే సమానం కాదు. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణమే అలా శాసించింది.

సరే, ఖాళీలు శుభ్రంగా పోయాయనుకుందాం. గ్రిడ్‌లో విలువకు చిరునామా దాని స్థానమే, ఎన్నో వరసలో ఎన్నో గడి అన్నదే అక్షాంశం, రేఖాంశం. టీచరు రోల్ నంబర్లు వేయకుండా మార్కులు మాత్రం వరసగా రాసుకుంటూ, రానివాళ్లను వదిలేశారనుకోండి. ఏడో నంబరు రాలేదు, ఎనిమిదో వాడి మార్కులు ఏడో వాడికి పడతాయి, అక్కణ్ణుంచి క్లాసంతా గల్లంతు. ఒక్క గడి వదిలినా మిగతా ప్రతి వరసా తన రేఖాంశం, అక్షాంశం, తేదీ తనే మోసుకురావాలి. ఫైలు లావెక్కుతుంది, ఎక్కనివ్వండి. ఓఐఎస్‌ఎస్‌టీలో నేల గడులు తీసేస్తే మిగిలేవి రోజుకి దాదాపు ఏడు లక్షల వరసలు. ఎక్సెల్ పట్టేది 10,48,576. రెండో రోజు దాంట్లో పట్టదు, ఈ సంగతి ముందే చెప్పకపోతే మళ్లీ ఫోను వస్తుంది.

ఇంతవరకూ నేల గడుల సంగతి. వాటిని తీసేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. సహారా నిన్నా సహారాయే, రేపూ సహారాయే. మబ్బు గడి అలా కాదు. క్లోరోఫిల్‌ను కొలిచే ఉపగ్రహం సముద్రం రంగు చూసి చెబుతుంది. మబ్బు అడ్డొస్తే రంగు కనపడదు. నైరుతి రుతుపవనాల నెలల్లో బంగాళాఖాతం మీద మబ్బు విడిచే రోజులు తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను నీళ్లను కలియబెడితే అడుగు పోషకాలు పైకి వస్తాయి, క్లోరోఫిల్ పెరగవచ్చు. సరిగ్గా చూడాల్సిన రోజుల్లోనే పైన మబ్బు కప్పేసి ఉంటుంది. ఆ రోజుల వరసలు తీసేసి ఫైలిస్తే, తీసుకున్నవాళ్లు తుపానుకి ముందు రోజునీ మబ్బు విడిన రోజునీ గీతతో కలిపేస్తారు. మధ్యలో ఎవరూ చూడలేదన్న సంగతి ఆ గీతలో ఉండదు.

నెల సగటుల్లో ఇది మరీ అన్యాయం. జులైలో మూడు రోజులే కనపడిన గడికీ, జనవరిలో ఇరవై అయిదు రోజులు కనపడిన గడికీ టెక్స్ట్ ఫైల్లో ఒకే హోదా, చెరో అంకె. పైగా ఆ మూడూ మబ్బు లేని రోజులు, అంటే జులైకి ప్రతినిధులు కానే కాని రోజులు. మోడిస్ నాలుగు కిలోమీటర్ల పటంలో 3,73,24,800 గడులుంటాయి. ఇన్నింట్లో ఖాళీలన్నీ మోసుకు తిరగమని నేను అనను. సగటు పక్కన ఎన్ని రోజుల సగటో చెప్పే ఒక నిలువు వరస అదనంగా పెడితే చాలు.

కాబట్టి ఫైలిచ్చేవాళ్లకి, అడిగేవాళ్లకి కూడా, ఒక విన్నపం. అంకెలు మొదలయ్యే ముందు హ్యాష్ గుర్తు పెట్టి నాలుగు లైన్లు రాయండి. గ్రిడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, గడి ఎంత, ఖాళీకి అసలు ఫైల్లో ఉన్న అంకె ఏది, నేల గడులు ఎన్ని వదిలారు, మబ్బు గడులు ఎన్ని వదిలారు. చివరి రెండూ కలిపి ఒకే అంకెగా మాత్రం రాయకండి.