ఊపిరికి మించిన గాలి

గాలిని బలవంతముగా లోనికి నెట్టి అగ్నిని ఉద్దీపింపజేయు విద్య విశాఖపట్టణవాసులకు క్రొత్తది కాదు. 1990 మార్చిలో మన ఉక్కు కర్మాగారమున ‘గోదావరి’ యను పేరుగల బ్లాస్ట్ ఫర్నేసు ప్రజ్వరిల్లిన నాటినుండి, ఆ కొలిమికి గాలినందించు టర్బో బ్లోయర్లు, ఆ గాలిని ముందుగనే కాచి పంపు స్టవ్‌లు, కొలిమి శిరస్సునుండి వెలువడు వాయువు ఒత్తిడితో విద్యుత్తు పుట్టించు టర్బైన్లు, ఇవన్నియు కూర్మన్నపాలెము షిఫ్టు బస్సులలో నిత్యము వినవచ్చు మాటలే. అందుచేత మా మేనల్లుడు ఇంటికి వచ్చి, “మావయ్యా, నా కారుకి సూపర్‌ఛార్జర్ పెట్టిద్దామనుకుంటున్నాను, రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే బండి కదా, తట్టుకుంటుందంటావా?” అని యడిగినప్పుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు. వానిది రెండు తలుపుల స్పోర్ట్స్ కారు; పిల్లవాడు దానిని ఇంటిలోని మనుష్యులకంటె ఎక్కువ శ్రద్ధతో చూచుకొనును.

కారు సూపర్‌ఛార్జరునకును ఇనుము కరగించు కొలిమికిని గల చుట్టరికము పాతది. 1860లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున రూట్స్ అను ఇంటిపేరుగల సోదరులిద్దరు, రెండు రోటర్లు ఒకదానినొకటి తాకకయే పెనగొని తిరుగుచు గాలిని ముందునకు త్రోయు యంత్రమునకు పేటెంటు పొందినపుడు, వారి దృష్టిలో నున్నవి కర్మాగారములును బ్లాస్ట్ ఫర్నేసులునే గాని మోటారు కార్లు కావు. అప్పటికి కారే పుట్టలేదు. 1921లో మెర్సిడెస్ వారు బెర్లిన్ ప్రదర్శనలో సూపర్‌ఛార్జరుగల కార్లను నిలిపినపుడు సైతము ఆ యంత్రము నిరంతరము పనిచేయునది కాదు. చోదకుడు యాక్సిలరేటరును చివరికంట అదిమినప్పుడు మాత్రమే అది మేలుకొని, తక్కిన వేళల విశ్రమించెడిది. ఆ యేర్పాటులో నున్న వివేకమును తరువాతి ఔత్సాహికులు పలువురు మరచిరి.

మరువని వాడొకడు బెంట్లీ కార్ల నిర్మాత డబ్ల్యు. ఓ. బెంట్లీ. ఆయన నాలుగున్నర లీటర్ల కారునకు సూపర్‌ఛార్జరు తగిలింపవలెనని టిమ్ బిర్కిన్ అను సాహసికుడైన రేసు చోదకుడు పట్టుపట్టగా, బలము కావలసినచో ఇంజనునే పెద్దది చేయవలెను గాని ఉన్నదానిలో గాలి కుక్కరాదని బెంట్లీ గట్టిగా వాదించెను. ఆయన మాట నెగ్గలేదు. యాంహర్స్ట్ విలియర్స్ రూపొందించిన బ్లోయరును రేడియేటరు ముందు వ్రేలాడదీసికొని ఆ కార్లు వీథికెక్కినవి. చూచువారికి కన్నుల పండువుగ నుండెను, ఇంధనమును మాత్రము ధారాళముగా త్రాగెను. 1930 లే మాన్స్ పందెమున బిర్కిన్ మెర్సిడెస్‌ను తరిమి తరిమి వేధించెను గాని, బ్లోయర్ బెంట్లీలు రెండును గమ్యము చేరకయే విరమించినవి. గెలిచినది గాలి కుక్కని పెద్ద ఇంజను గల బెంట్లీ స్పీడ్ సిక్స్. ఈ వృత్తాంతము చెప్పి మేనల్లుని నోరు మూయింపవచ్చునని నేను మొదట తలచితిని. కాని అది న్యాయమైన వాదము కాదు. ఇరువదినాలుగు గంటల పందెములో ఇంజను పడు శ్రమ వేరు, ఎం.వి.పి. కాలనీ నుండి గాజువాక పోయి వచ్చు కారు శ్రమ వేరు. ఊరిలో నడచు బండి దినములో అత్యధికభాగము సగము బలమైనను వాడదు. ఆ వేళల బైపాస్ వాల్వు తెరచుకొని, సూపర్‌ఛార్జరు త్రోసిన గాలి ఒత్తిడి పెంచక మరల వెనుకకే పోవును. చేటు జరుగుట యెల్ల ఆ మిగిలిన కొద్ది క్షణములలోనే.

ఆ క్షణములలో జరుగున దేమనగా: సైకిలు పంపు కొట్టినవాని కెల్ల దాని అడుగుభాగము వేడెక్కుట అనుభవమే; గాలిని నొక్కినచో వేడెక్కి తీరును. 6 పీఎస్ఐ బూస్టు అనగా సహజ వాతావరణ పీడనమునకు సుమారు నలువది శాతము అదనము. మన ఊరి వేసవిలో 35 డిగ్రీల గాలి ఆ సంపీడనమునకు లోనై బయటపడునప్పటికి 80 డిగ్రీలు సులభముగా దాటును. అంత వేడిగాలి, అందులో అదనపు పెట్రోలు, దానిపై ముందే పదిన్నరకు మించిన కంప్రెషన్: ప్లగ్గు నిప్పురవ్వ విసరిన పిమ్మట మంట క్రమముగా వ్యాపించుటకు మారుగా, మూలనున్న మిశ్రమము తనంతట తానే ప్రేలును. మెకానిక్కులు దీనినే నాకింగ్ అందురు. పిస్టను రింగుల నడుమనుండు సన్నని గట్లు మొదట విరుగును. ఆపైన హెడ్ గ్యాస్కెట్ పోవును. కొన్నాళ్ళకు ఇంజను బోరుకు వచ్చును.

నా ఉద్యోగజీవితము గడచినది వాల్తేరు డీజిల్ షెడ్డులో. 1965లో వెలసిన ఆ షెడ్డు కాలక్రమమున దేశమునందలి పెద్ద షెడ్లలో నొకటియైనది. అచ్చటి ఆల్కో ఇంజన్లకు టర్బోఛార్జరే ప్రాణము. సూపర్‌ఛార్జరు ఇంజను బెల్టుతో తిరుగును, టర్బో పొగ ఒత్తిడితో తిరుగును; గాలి కుక్కు ధర్మమున రెండును ఒక్క వంశమువే. పదునారు సిలిండర్ల డబ్ల్యుడిఎం-2 ఇంజను బలము 2600 అశ్వశక్తి. అదే కుదురునుండి పుట్టిన డబ్ల్యుడిఎం-3ఏ బలము 3100. ఈ 500 గుఱ్ఱములు ఎక్కడనుండి వచ్చినవని మేనల్లుడు అడిగినాడు. మెరుగైన టర్బో నుండి వచ్చినవనుట అర్ధసత్యము. దానితోబాటు, నొక్కబడి వేడెక్కిన గాలిని చల్లార్చు ఆఫ్టర్‌కూలరు పెద్దదయ్యెను, పిస్టనులకు ఉక్కు శిరస్సులు వచ్చెను, ఇంధన పంపులు లావయ్యెను, క్యామ్‌షాఫ్టు మారెను. అన్నిటిని మార్చిన పిమ్మటనే ఆ ఇంజన్లు బరువైన రైళ్ళను లాగి, మరుసటి దినము మరల లాగగలిగినవి.

ఆ షెడ్డులో నాకు మిక్కిలి ఇష్టమైన పరీక్ష యొకటి యుండెడిది. ఇంజనును ఆపివేసిన తరువాత, పొగగొట్టము దిశకు చెవి యొగ్గి, చేతిలో గడియారముతో ఫిట్టరు నిలుచుండెడివాడు. ఇంజను నిశ్శబ్దమైనను టర్బో మాత్రము సన్నగా ఈలవేయుచు తిరుగుచునే యుండవలెను. నిమిషమున్నర కాకమునుపే అది ఆగినచో బేరింగులలో దోషమున్నదని అర్థము. మా యందరికంటె పెద్దవాడైన యొక ఫిట్టరు, విజయనగరము వైపు మనిషి, గడియారమువంక చూడకయే చెప్పెడివాడు. క్రొత్తగా చేరినవాడెవడైనను టర్బో గొప్పతనమును వర్ణించినచో ఆయన, “గాలెక్కువ పెడితే సరిపోద్దేటి బాబూ? ఆ వేడినెవుడు మోస్తాడు?” అని ఆఫ్టర్‌కూలరు వైపు వ్రేలు చూపెడివాడు. దానిని విప్పి చూచినప్పుడెల్ల రెక్కల నడుమ నూనెయు మసియు కలిసి గట్టిపడియుండెడిది.

కంపెనీలో పుట్టిన సూపర్‌ఛార్జరు వేరు, మనము తగిలించునది వేరు అనుటకు 2002 నాటి మినీ కూపర్ ఎస్ చక్కని ఉదాహరణము. సాధారణ మినీ కూపర్‌లోను అందులోను ఉన్నది ఒక్క 1.6 లీటర్ల ఇంజనే. కాని సాధారణ కారున 10.6గా నున్న కంప్రెషన్ నిష్పత్తిని సూపర్‌ఛార్జరు గలదానిలో 8.3కు తగ్గించిరి. గాలి పెట్టుటకు ముందు చోటు చేసిరన్నమాట. ఇంత చేసినను ఆ కారునకు ఒక బలహీనత మిగిలెను: దాని వాటర్ పంపు సూపర్‌ఛార్జరు కొననుండు చిన్న గేరులతో తిరుగును, ఆ గేరుల పెట్టెలోని గ్రుక్కెడు నూనె సంవత్సరములు గడచిన కొలది ఎండిపోవును, యజమాని కేమియు తెలియదు, ఒకనాడు పంపు ఆగి ఇంజను కాగిపోవును. నమ్మకము చెడుట తరచు సూపర్‌ఛార్జరు వలన గాక, దానిని ఆశ్రయించియున్న అల్పవస్తువుల వలననే యగును: బెల్టు, టెన్షనరు, గొట్టము, క్లిప్పు.

ఇక మన ఊరి సంగతి. కాన్వెంట్ జంక్షన్ దాటి రేవు ప్రక్కగా పోవువాని కారుపై రాత్రికి రాత్రి పరచుకొను ఇనుప ఖనిజపు ఎఱ్ఱదుమ్మును, బొగ్గు నలుపును మీరెరుగుదురు. అదనముగా గాలి పీల్చు ఇంజను అదనముగా ఆ ధూళినే పీల్చును; ఫిల్టరును కంపెనీ పుస్తకము చెప్పిన గడువువరకు ఉంచుట ఇచ్చట చెల్లదు. సముద్రపు ఉప్పుగాలి ఇంటర్‌కూలరు అల్యూమినియము రెక్కలను కొరుకును. ఎన్.ఎ.డి. వద్ద రద్దీలో పావుగంట ఆగిన కారు బానెట్ క్రింద వేడి పేరుకొనును. వంతెన ఎక్కగనే కుఱ్ఱవాడు ఉత్సాహము పట్టలేక పెడలు త్రొక్కును. ఇంజనునకు అంతకంటె దుర్ముహూర్తము లేదు. పెట్రోలు చిక్కు మరియొకటి. 99, 100 ఆక్టేన్ పెట్రోళ్ళు అమ్మకమునకు వచ్చిన మాట నిజమే గాని ప్రతి బంకులోను దొరకవు. వానికి సరిపడ ట్యూనింగ్ చేయించి, అరకు ఘాట్ ఎక్కునాడు దొరికిన పెట్రోలు పోయించినచో, కష్టపడునది ఘాట్ రోడ్డుమీదనే. 1957 నుండి రిఫైనరీ పొగ చూచుచున్న ఊరిలో ఇంధనముకొరకు వెదకికొనుట కొంత హాస్యాస్పదమే.

చట్టమును గూర్చి ఒక్క మాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, దానిపై సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు, కంపెనీ నిర్దేశములకు విరుద్ధముగా బండిని మార్చుటను అంగీకరింపవు. ప్రమాదము జరిగిననాడు బీమావారు బానెట్ ఎత్తి చూతురు.

ఇన్ని చెప్పియు నేను వానిని వలదనలేదు. బూస్టు 6 పీఎస్ఐ దాటనీయకుండ, మంచి ఇంటర్‌కూలరు, తగిన ఇంజెక్టర్లు, చేయి తిరిగినవాని ట్యూనింగ్, గాలి పెట్రోళ్ళ పాళ్ళు చూపు మీటరు, కంపెనీ చెప్పిన గడువులో సగమునకే ఆయిలు మార్పు, ఇవన్నియు భరింపగలవానికి ఆ కారు చాలకాలము నమ్మకముగా నడచుట అసంభవము కాదు. క్లచ్ ప్లేట్లు మాత్రము ముందుగనే కొని యింటనుంచుకొనవలెను. ఈ పట్టిక ఖరీదును, కంపెనీయే బలము పెంచి అమ్ము కారునకు మారుటకు పట్టు ఖరీదును ప్రక్కప్రక్కన వ్రాసి చూపితిని. వాడు రెండవదానివైపు కన్నెత్తి చూడలేదు. సరే, ఏది తగిలించుటకైనను ముందు ఉన్న ఇంజను ఆరోగ్యము తెలియవలెను గనుక కంప్రెషన్ టెస్టు చేయించి రమ్మంటిని. నాలుగు సిలిండర్లలో మూడవది తక్కినవానికంటె తక్కువ చూపినది. ప్రస్తుతము మా సంభాషణ రింగుల ధరను గూర్చి నడచుచున్నది.