పటం విప్పితే కదిలే కథ

పరకాలలో ఏ కుర్రాడికో, అమ్మాయికో కామిక్స్ గీయాలని, సొంతంగా ఒక వీడియో గేమ్ చేయాలని ఉంటే ముందు జపాన్ వైపో అమెరికా వైపో చూస్తారు. నేనైతే హనుమకొండ, జనగామ మీదుగా చేర్యాల పొమ్మంటాను. నిన్నమొన్నటి దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే ఆ ఊరు, ఇప్పుడు సిద్దిపేటలో కలిసింది. అక్కడి నకాషీలది తరతరాలుగా బొమ్మల్లో కథ చెప్పే వృత్తి.

దాదాపు 3 అడుగుల వెడల్పు, 40, 50 అడుగుల పొడవు ఉండే గుడ్డ మీద ఒక కులపురాణం మొత్తం దిగుతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లకు ఒక పటం, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లకు మరొకటి, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లకు ఇంకొకటి. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లకైతే పటానికి బదులు బొమ్మలు చేసిస్తారు. గీసేది నకాషీ, చెప్పేది కథకుడు, పోషించేది ఆ కులం.

పనిలో సగం గుడ్డను సిద్ధం చేయడమే. ఖద్దరు మీద గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూత పూస్తారు. ఒక పూత ఆరాకే మరో పూత. చుట్టినా విప్పినా రంగు పెచ్చులూడకుండా కాపాడేది ఈ పూతే. ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మల గీతలు వేసి, వెనక భాగమంతా ఎరుపు నింపుతారు. పాత పద్ధతిలో ఆ ఎరుపు ఇంగిలీకం నుంచి, నలుపు దీపపు మసి నుంచి, తెలుపు గవ్వల నుంచి వచ్చేవి. దేవతల ముఖాలకు నీలమో పసుపో, రాక్షసులకు ముదురు రంగులు. రాత్రిపూట దూరంగా కూర్చున్నవాళ్లు కూడా ఎవరు ఎవరో చప్పున పోల్చుకోవాలి. పాత్ర రూపం ఒక్క చూపులో తెలియాలన్నది ఇప్పటి గేమ్ కళాకారులకూ మొదటి పాఠమే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది బొమ్మకూ బొమ్మకూ నడుమ గీసే పూలపట్టీ. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి రాసిన పుస్తకంలో, రెండు గళ్ల మధ్య జరిగినదాన్ని పాఠకుడే ఊహించుకుంటాడని విడమరిచి చెప్పాడు. పటంలో ఆ ఖాళీని కథకుడు తన గొంతుతో నింపుతాడు. గణపతితో మొదలైన కథ గడి వెంట గడి కిందికి దిగుతుంది. కథకుడు బెత్తంతో ఒక గడిని చూపి పాడతాడు, వంతపాటగాళ్లు అందుకుంటారు. జనం లీనమైతే అదే బొమ్మ దగ్గర ఇంకాసేపు నిలుస్తాడు, లేదంటే ముందుకు పోతాడు. బొమ్మలు మారవు, కథ నడక మాత్రం కూర్చున్నవాళ్లను బట్టి మారుతుంది. గేమ్ లక్షణం ఇందులో ఉందని నా నమ్మకం.

జేసన్ రాబర్ట్స్ అనే అమెరికన్ చిత్రకారుడు ‘గొరొగొవా’ను మొదట బొమ్మల కథగా తలపెట్టాడు. అది చివరికి గేమ్ అయింది. తెర మీద నాలుగు గళ్లు ఉంటాయి, ఒక గడిని జరిపి మరో గడి పక్కన పెడితే కథ కదులుతుంది. బొమ్మలన్నీ తానే చేత్తో గీసుకుంటూ ఏళ్ల తరబడి పనిచేశాక 2017లో అది విడుదలైంది. మన దేశంలో 2020లో పుణె బృందం నోడింగ్ హెడ్స్ తన ‘రాజి’ గేమ్‌లో కథాభాగాలను తోలుబొమ్మల తీరులో నడిపించింది. పాత కళ కొత్త తెర మీద నిలబడుతుందని చెప్పడానికి ఈ రెండూ చాలు.

చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానాలకోట వైకుంఠం కుటుంబం లాంటి కొన్ని ఇళ్లు ఈ పనిని నిలబెట్టాయి. కానీ పొడుగు పటాలు చేయించేవాళ్లు తగ్గారు. ఒక్క దృశ్యం గీసి ఫ్రేమ్ కట్టినవి, ముసుగులు, చిన్న చిన్న అలంకరణ వస్తువులే ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. అవి ఇల్లు గడిపే పనులు, వాటిని తప్పుపట్టలేం. అయినా గోడకెక్కిన ఆ ఒక్క గడికి ముందూ వెనకా ఉన్న కథ ఏమిటో చూసేవాడికి తెలియదు. నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి పరకాల నుంచి గేమ్ చేయాలనుకునేవాళ్లు ఎరుపు రంగునూ పెద్ద కళ్లనూ మాత్రమే ఎత్తుకొస్తే సరిపోదు. ముందు కూనపులి కథకుడి దగ్గర ఒక రాత్రంతా కూర్చోవాలి. ఏ గడి దగ్గర ఎంతసేపు ఆగాడో, ఎక్కడ పాట మాటగా మారిందో, ఎక్కడ జనం ఊ కొట్టారో రాసుకోవాలి. బొమ్మలకు నకాషీకి, గొంతుకు కథకుడికి పేరూ డబ్బూ దక్కేలా మొదటి రోజే కాగితం రాసుకోవాలి.